గేటు కాడ కసువు బండ్లు

పొద్దుటి మెయిలు వచ్చే వేళయింది. ఆదోని రైలు గేటు ఒకసారి పడితే మళ్ళీ లేచేసరికి అరగంట. అది పడకముందే దాటాలని ఊరి చెత్తనెత్తే కసువు బండ్ల పరుగు. పత్తి లారీలదీ అదే పరుగు.

ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. ఎదురుగా వచ్చే మనిషిని పోల్చుకోలేనంత మసక. హులిగెమ్మ బండి కాడి పట్టుకుని లాగుతోంది. ఆమె తోడికోడలు భీమక్క వెనకనుంచి తోస్తోంది. రెండు చక్రాల ఇనుప తొట్టి బండి అది. నిండా మార్కెట్టు వీధి కసువు: కుళ్ళిన వంకాయలు, పేడ, మిల్లుల ముందు ఊడ్చిన మట్టిపత్తి. గేటుకు ముందున్న మలుపులో చక్రం గుంతలో దిగబడింది.

"అక్కా, నువ్వు బిర్రుగా పట్టుకో. నేను బుజం పెడ్తా" అంది భీమక్క.

వెనక మోత వినబడింది. లైట్లు కనబడి ఉంటే పక్కకు దూకేవాళ్ళే. లైట్లు లేవు. మోత ఒక్కసారిగా మీదికి వచ్చేసింది. కాడి హులిగెమ్మ చేతుల్లోంచి ఎగిరి ఆమెను రోడ్డు పక్క తుమ్మకంపలో పడేసింది. ముళ్ళు పీక్కుంటూ లేచి చూస్తే బండి బోర్లా పడి ఉంది. బండికీ లారీ ముందు చక్రానికీ నడుమ భీమక్క ఉంది.

డ్రైవరు కిందికి దూకాడు. పాతికేళ్ళ మనిషి, పేరు ఖాసిం. "యా అల్లా, యా అల్లా" అంటూ తల బాదుకున్నాడు. ఇద్దరూ కలిసి ఆమెను బయటికి లాగారు. భీమక్క కళ్ళు తెరిచే ఉన్నాయి. నడుము కింద చీరంతా తడిసి నల్లగా కనిపిస్తోంది.

అంతలో మేస్త్రీ గోవిందన్న సైకిలు మీద వచ్చాడు. కసువు బండ్లన్నీ గేటు దాటాయో లేదో లెక్క చూసుకోవడం అతని పని. దిగీ దిగకముందే బండిని కాలితో కదిపి చూశాడు.

"ఇరుసు పోయిందా?"

"బండి సంగతి యాల గోవిందన్నా! మనిషిని సూడు. లారీలోకి ఎత్తు, ఆసుపత్రికి పోదాం" అంది హులిగెమ్మ.

"లారీ నిండా పత్తి బేళ్ళుండాయి. రక్తమైతే సావుకారి నా తోలు వలుస్తాడు."

"నేను తీసకపోతా అన్నా" అన్నాడు ఖాసిం. గోవిందన్న అతని రెక్క పట్టుకుని లారీ వైపు తోశాడు. "ఎక్కరా ముందు! మనుషులు కూడితే నిన్ను ఈడనే సంపుతారు. గేటు పడ్తాంది, పో!"

ఖాసిం ఒకసారి భీమక్క వైపు, ఒకసారి గేటు వైపు చూశాడు. లారీ ఎక్కాడు. లారీ గేటు దాటింది. దాని వెనకే గేటు పడింది.

మెయిలు కోసం స్టేషనుకు జట్కాలు పోతున్నాయి. హులిగెమ్మ ఒక్కోదానికీ అడ్డం పోయి దండం పెట్టింది. బండ్లవాళ్ళు ఆమె నడుముకు దోపిన పొరకను చూశారు, నేల మీద రక్తాన్ని చూశారు, గుర్రాన్ని అదిలించుకుని పోయారు. మిగిలింది కసువు బండే. అప్పుడే వెనకనుంచి బండి లాక్కుంటూ వచ్చిన మాదన్న అందులోని కసువును రోడ్డు మీదే కుమ్మరించాడు. హులిగెమ్మ తన చీర కొంగు చించి తొట్టిలో పరిచింది. భీమక్కను అందులో పడుకోబెట్టి, ఇద్దరూ ఊళ్ళోకి తోశారు.

"అక్కా" అంది భీమక్క దారిలో. "రొట్టె మూట కంపలో పడినట్టుంది. సూసుకో. నీదీ అండ్లోనే కట్టినా."

"సూస్తాలేమ్మా. మాట్లాడొద్దు."

మిల్లు మొదటి కూత కూసింది. తెల్లారింది. ఆ వేళకు కసువు బండి ఊళ్ళో కనిపించగూడదని కట్టడి. రోడ్డెక్కిన పెద్దమనుషులు బండిని చూసి ముక్కు మూసుకుని వారకు జరిగారు. "తెల్లారినంకనా తెచ్చేది?" అని ఎవరో కసిరారు కూడా. తొట్టిలో ఏముందో వాళ్ళకు తెలియదు. ఆసుపత్రి మెట్ల దగ్గర హులిగెమ్మ వంగి "దిగుదామా" అని అడిగేసరికి భీమక్క కళ్ళు తెరిచే ఉన్నాయి గాని, వాటిలో ఆమె లేదు.

*

అది పత్తి కాలం. యాభయ్యారో సంవత్సరం. ఆ చుట్టుపక్కల ఊళ్ళనుంచీ, ఇటు ఎమ్మిగనూరు వైపునుంచీ వచ్చే పత్తంతా ఆదోని మిల్లులకే. ఊరి కసువెత్తే కాంట్రాక్టు విరూపాక్షప్ప సావుకారిది. పత్తి తోలే లారీలు ఆరు, అవీ ఆయనవే. కసువు బండ్లు తెల్లారకముందే గేటు దాటి ఎమ్మిగనూరు రోడ్డులోని దిబ్బ చేరాలన్నది ఆయన పెట్టిన నియమం. పెద్దమనుషుల కంట పడగూడదట. మెయిలుకు గేటు పడకముందే లారీలు ఊళ్ళోకో బయటికో దాటాలన్నదీ ఆయన నియమమే. ఈ రెండు నియమాలూ రోజూ ఆ మలుపు దగ్గర ఢీకొంటున్నాయి. నియమాలకు దెబ్బ తగలదు. తగిలేది మనుషులకు. పోయిన ఏడు హులిగెమ్మ భర్త సుంకన్న కుడికాలు అక్కడే పోయింది.

భీమక్కను మధ్యాహ్నమే పూడ్చారు. ఆమె మొగుడు ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. బావా అక్కా అనుకుంటూ సుంకన్న గుడిసెలోనే ఉండేది. పూడ్చి వచ్చి కాళ్ళు కడుక్కుంటుండగా సావుకారి కసువెత్తేవాళ్ళ పేటలోకి వచ్చాడు. మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని వీధి మొదట్లోనే నిలబడ్డాడు. గోవిందన్న చేతిలో ఒక కాగితం ఉంది.

"సూడు హులిగెమ్మా" అన్నాడు సావుకారి, మెత్తగానే. "పోయిన మనిషి తిరిగి రాదు. ఉన్నోళ్ళ బాగు సూసుకోవల్ల. భీమక్క తాగి ఉండె, తూలి లారీ కింద పడె. నువ్వు కండ్లారా సూస్తివి. అంతే రాయించినా. ఏలు ముద్ర ఎయ్యి, పోలీసోళ్ళకు నేను సెప్పుకుంటా."

"ఆయమ్మి జన్మలో కల్లు ముట్టలేదు సామీ."

"ముట్టలేదని నాకు తెల్సు, నీకు తెల్సు. కాగితానికి తెల్సా?"

వాకిట్లో కూచున్న సుంకన్న వైపు సావుకారి గడ్డంతో చూపించాడు. "నీ మొగునికి గోడౌను కాడ కాపలా పనిస్తా. కూచోని సేసే పని. ముద్ర ఎయ్యనంటావా, నీ ఇష్టం. ఈ గుడిసెలు ఎవరి జాగాలో ఏసుకున్నారో ఒకసారి గ్యాపకం సేసుకో. రేపు మిల్లు కూతలోపల కాగితం నా కాడికి రావల్ల."

కాగితాన్ని గోవిందన్న గడప మీద పెట్టి పైన ఒక రాయి ఉంచాడు. ఇద్దరూ వెళ్ళిపోయారు.

ముందు సుంకన్నే అన్నాడు. "ఏసెయ్యి మే."

"యామంటివి?"

"ఏసెయ్యి. మనకు జాగా ల్యా, బలం ల్యా. ఆయప్పతో పెట్టుకోని యాడ బతుకుతాం?"

హులిగెమ్మకు పొద్దుటినుంచీ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఏడుస్తూనే అరిచింది. "పోయినేడు నువ్వు ఏస్తివి కదా ముద్ర! తప్పు నాదే, లారీది కాదని ఏస్తివి కదా! దాంతో నీ కాలు మొలిసిందా? ఆయప్ప లారీలకు లైట్లు ల్యావని ఆ పొద్దే నువ్వు సెప్పింటే, భీమక్క ఈ పొద్దు బతికుండు!"

సుంకన్న గోడవైపు తిరిగాడు. ఆ మాట నోరు దాటాక హులిగెమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అందులో అబద్ధం లేదు. కానీ కాలు పోయిన మనిషితో అనగూడని మాట. ఆమె వెళ్ళి అతని పక్కన కూచుంది. అతను తిరగలేదు. గోడతోనే చెప్పినట్టు మెల్లగా అన్నాడు.

"భయమైంది మే. కాలు కోసేటప్పుడు గూడ అంత భయం కాలేదు. సావుకారి వచ్చి మంచం కాడ నిలబడితే భయమైంది. నువ్వు ఏమన్నా అను. ఆయమ్మి ఈ ఇంట్లో తిరుగుతాంటే నాకు పొద్దు పోతాండె."

హులిగెమ్మ లేచి గడప మీది రాయి తీసింది. కాగితాన్ని మడిచి సుంకన్న ఒళ్ళో పెట్టింది. "నేను ఎయ్యను. నువ్వు ఎయ్యమన్నా ఎయ్యను. దీన్ని ఏం సేస్తావో నువ్వే సెయ్యి."

సుంకన్న ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. అతనికి చదువు రాదు. తర్వాత పొయ్యి దగ్గరికి డేకుతూ పోయి నిప్పులో పెట్టాడు.

*

మర్నాడు మసకలో బండ్ల దొడ్డి దగ్గరికి అందరూ వచ్చారు. ముప్పై మంది దాకా. ఎప్పటిలా పొరకలు తీసుకుంటున్నారు. హులిగెమ్మ గేటు కాడనుంచి తెచ్చిపెట్టిన తన బండి కాడి మీద కూచుంది.

"లెయ్యి మే, పోదాం" అన్నాడు మాదన్న.

"తెల్లారనీ."

"యామి?"

"తెల్లారనీ, మనిషికి మనిషి కనపడనీ. అప్పుడు పోదాం. నిన్న వెలుగుండింటే భీమక్క లారీని సూస్తుండె. ఆ డ్రైవరు భీమక్కను సూస్తుండె. మనం అడిగేది యామి? పొద్దు పొడిసేదాకా ఆగుతామంటాండాం. పొద్దు సావుకారిది కాదు గదా?"

గోవిందన్న సైకిలు గంట కొట్టాడు, తిట్టాడు, ఒక ముసలామె చేతిలోని పొరక లాక్కుని నేలకు కొట్టాడు. ముసలామె ఆ పొరకను మళ్ళీ తీసుకుని దాన్ని ఒళ్ళో పెట్టుకుని హులిగెమ్మ పక్కన కూచుంది. తర్వాత మాదన్న. తర్వాత ఒకరొకరుగా. ధైర్యం వచ్చి కూచున్నవాళ్ళు కాదు. నిలబడి ఉండటానికి భయమేసి కూచున్నవాళ్ళే ఎక్కువ. ఎట్లయితేనేం, కూచున్నారు.

పొద్దు పొడిచాక పదిహేను బండ్లూ వరసగా రోడ్డెక్కాయి. ఆదోని మొదటిసారి తన కసువును పట్టపగలు చూసుకుంది. అంగళ్ళవాళ్ళు బయటికి వచ్చి నిలబడ్డారు. బండ్లు దిబ్బకు పోయి తిరిగొచ్చేసరికి దొడ్డికి తాళం పడి ఉంది. వాకిట్లో సావుకారి నిలబడి ఉన్నాడు. ఈసారి మూతికి తువ్వాలు లేదు.

"బండ్లు ఆడనే ఇడిసి పోండి. ముప్పై మందినీ తీసేసినా. ఎమ్మిగనూరునుంచి మనుషుల్ని తెప్పిస్తా. ఆకలైతే వెలుగు తినండి."

*

ఆ మధ్యాహ్నం పేటలో అందరూ కూడారు. పిల్లలకు పెట్టడానికి గంజి కూడా లేని ఇళ్ళు అప్పుడే నాలుగైదున్నాయి. కొందరు హులిగెమ్మనే తిట్టారు. "నీ తోడికోడలు సస్తే మా కడుపు మీద కొడ్తివి" అంది ఒకామె. హులిగెమ్మ తల వంచుకుని విన్నది.

మిల్లు కూలీల సంఘంనుంచి ఆదెప్ప వచ్చాడు. జిన్నింగు మిల్లులో బేళ్ళు కట్టే మనిషి. చొక్కా మీద, మీసం మీద పత్తి నూగు. "మీది న్యాయమైన పోరాటం. మేం మీ ఎనక ఉంటాం" అని మొదలుపెట్టాడు.

మాదన్న లేచాడు. "ఎనక యాడుంటావప్పా? మిల్లు కాడ టీ అంగడిలో మీకు గ్లాసు, మాకు టెంకాయ సిప్ప. దూరంనుంచి పోస్తారు. ఇన్నేండ్లూ నువ్వు ఆడనే కూచోని టీ తాగుతాండావు గదా. ఒక్క పొద్దన్నా ఇది తప్పంటివా?"

ఆదెప్ప మొహం ఎర్రబడింది. కోపం వచ్చిందేమో అనుకున్నారు. అతను తెచ్చుకున్న మాటలన్నీ వదిలేసి కింద కూచున్నాడు.

"అనలేదు. సిప్పను సూస్తాంటి, గ్లాసులో తాగుతాంటి. నా పక్కనోళ్ళు ఏమనుకుంటారోనని నోరు మూసుకుంటి. మాదన్నా, మా సంఘంలో అందరూ వస్తారని నేను సెప్పను. సెప్తే అబద్ధమైతాది. నేనైతే వస్తా. సాయంత్రం షిఫ్టు ఇడిసినప్పుడు మిల్లు వాకిట్లో నిలబడి అడుగుతా. ఎంతమంది వస్తే అంతమంది."

ఆ మాట అయ్యీ కాకముందే వీధి మొదట్లో కేకలు లేచాయి. ఖాసిం వస్తున్నాడు. ఒంటరిగా, చెప్పుల్లేకుండా. పేట మొత్తం ఒక్కసారి లేచింది. "కొట్టండి! సంపండి లంజకొడుకును!" ఎవరో రాయి తీశారు. ఖాసిం ఆగలేదు. నేరుగా హులిగెమ్మ ముందుకు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

హులిగెమ్మ చెయ్యెత్తి అతని చెంప మీద బలంగా కొట్టింది. ఆ చప్పుడుకు అందరూ ఆగిపోయారు.

"సాలు" అంది ఆమె, అతనికీ గుంపుకూ నడుమ నిలబడి. "అది భీమక్క దెబ్బ. ఇంగెవరూ సెయ్యెత్తొద్దు. సెప్పరా నువ్వు. యాల వస్తివి?"

"నా లారీకి లైట్లు పోయి నెలైంది అమ్మా" అన్నాడు ఖాసిం. "మూడుసార్లు సావుకారికి సెప్పినా. పత్తి కాలం పోనీ, అప్పుడు సేయిస్తానన్నాడు. బ్రేకులు తొక్కితే లారీ నిలబడదు. మూడు రోజులు నిద్ర ల్యా నాకు. నిన్న ఆయప్పే పిలిసినాడు. భీమక్క తాగి పడిందని కాగితం రాయించినా, నీకేం కాదు, నాలుగు నెలలు బళ్ళారిలో ఉండి రా అన్నాడు. బస్టాండు దాకా పోయినా. బస్సు ఎక్కలేకపోయినా."

"ఆ కాగితం నిన్ను గూడ కాపాడ్తాది గదరా" అన్నాడు మాదన్న.

"కాపాడ్తాది. రేపు అదే లారీ ఇంకొకనికి ఇస్తాడు. నాకు మా అమ్మ ఉంది అన్నా. ఆయమ్మ గూడ రోడ్డు మీద తిరిగే మనిషే." కళ్ళు తుడుచుకున్నాడు. "గల్తీ నాది గూడ ఉంది. లైట్లు ల్యాకుండా తోలింది నేనే. లారీ ఎక్కి పారిపోయింది నేనే. జైలుకు పోతా. ఒట్టిగా మాత్రం పోను. సావుకారి ఏం సెప్పినాడో పోలీసోళ్ళ ముందర అంతా సెప్పే పోతా."

గుంపులో ఎవరి చేతిలోనో ఉన్న రాయి నేల మీద పడింది. ఆ వీధిలో ఆ మధ్యాహ్నం ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. అయినా ప్రతి ఒక్కరికీ ఒక సంగతి అర్థమైంది. బండి తోసినవాళ్ళనూ, బండి మీదికి తోలినవాణ్ణీ ఒకే చెయ్యి ఆ మలుపులోకి నెట్టింది. ఆ చెయ్యికి మాత్రం మట్టంటలేదు, రక్తమంటలేదు.

"ఎమ్మిగనూరు మనుషులు లారీలో వస్తారు, గేటు మీంచే" అంది హులిగెమ్మ. "మన బండ్లు దొడ్డి బయటే ఉండాయి. రేపు పొద్దు పొడిసినంక ఆ పదిహేను బండ్లూ గేటు కాడ అడ్డం పెడదాం. మనుషుల్ని సూడని లారీలు బండ్లనన్నా సూస్తాయేమో."

*

పొద్దు పొడిచింది. పదిహేను ఇనుప తొట్లు గేటుకు ఇవతల రోడ్డుకు అడ్డంగా, ఒకదానికొకటి ఆనుకుని నిలిచాయి. వాటి ముందు జనం కూచున్నారు, వాళ్ళలో ఖాసిం కూడా. సుంకన్న కూడా ఊతకర్ర మీద వచ్చాడు. ఎవరూ పిలవలేదు. వచ్చి హులిగెమ్మ పక్కన కూచున్నాడు.

ఊళ్ళోకి వచ్చే లారీలు గేటు అవతల ఒకదాని వెనక ఒకటి ఆగాయి. హారన్లు మోగాయి. మెయిలు ఆ రోజు ఆలస్యంగా వచ్చింది, పోయింది, గేటు లేచింది. లారీలు కదల్లేదు. సావుకారి వచ్చాడు. ఎస్సై పది మంది పోలీసులతో వచ్చాడు.

మిల్లు రెండో కూత కూసింది. మిల్లు కూలీలు పనిలోకి పోయే దారి అదే. రెండు వందల మంది గుంపుగా వచ్చి ఆగారు. ఆదెప్ప ముందుకు వచ్చి బండ్ల దగ్గర కూచున్నాడు. అతని వెనక ఎవరూ రాలేదు. ఒక నిమిషం గడిచింది. అది ఎంత పొడుగు నిమిషమో అక్కడ ఉన్నవాళ్ళకే తెలుసు. అప్పుడు పత్తి ఏరే ఆడవాళ్ళు పది మంది కదిలారు. వాళ్ళూ తెల్లారకముందే ఆ రోడ్డు మీద నడిచేవాళ్ళే. తర్వాత ఇంకో ఇరవై మంది. మిగిలినవాళ్ళు తలలు దించుకుని మిల్లులోకి పోయారు. మాదన్న వాళ్ళను పేరుపేరునా తిట్టబోతే ఆదెప్ప చెయ్యి పట్టుకున్నాడు. "ఇడువు. నిన్నటిదాకా నేనూ అంతే."

గేటు అవతలనుంచి ఇంకో లారీ, ఆగిన లారీల పక్కగా ముందుకు వచ్చి ఆగింది. దాని మీద ఎమ్మిగనూరు మనుషులు, పాతిక మంది, కొత్త పొరకలతో. అందులో పెద్దామె హనుమంతమ్మ. హులిగెమ్మకు దూరపు చుట్టం, వరసకు చిన్నమ్మ. లారీ మీదనుంచే కేకేసింది.

"హులిగీ! యామిది మే? ఈడ పనుందంటే వచ్చినాం. మీరు మానుకున్నారంట గదా?"

"మానుకోలేదు చిన్నమ్మా. భీమక్కను లారీ కొట్టె. తెల్లారినంక పనికి పోతామంటే అందర్నీ తీసేసె."

"భీమక్క సచ్చెనా?" హనుమంతమ్మ లారీ పక్కపలక పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. భీమక్కను చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన మనిషి ఆమె. భీమక్క పోయిన సంగతి ఎవరూ ఆమెకు చెప్పలేదు. లారీ ఎక్కించినవాళ్ళకు చెప్పాలని తోచలేదు.

"ఎవరి లారీ కొట్టె?"

"ఈ సావుకారిదే. నువ్వు ఎక్కొచ్చిన లారీ గూడ ఆయప్పదే."

ముసలామె కిందికి చూసింది. తను నిలబడిన చోటును కొత్తగా చూసినట్టు చూసింది. తర్వాత చక్రం మీద కాలు పెట్టి, ఎవరి సాయమూ లేకుండా దిగింది. ఆమె వెనక పాతిక మందీ దిగారు.

సావుకారి ఎస్సై చెవిలో ఏదో అన్నాడు. లాఠీలు లేచాయి. మాదన్న తల పగిలింది. పత్తి ఏరే ఆడమనిషి ఒకామె చెయ్యి విరిగింది. బండ్లను లాగి పక్కకు తోయబోతే జనం చక్రాలకు చేతులు చుట్టి పడుకున్నారు. కాసేపటికి ఎస్సై ఆపమన్నాడు. "ముందున్నోళ్ళను పట్టండి, తక్కినోళ్ళు వాళ్ళే పోతారు."

హులిగెమ్మనూ, ఆదెప్పనూ, ఖాసింనూ పట్టుకున్నారు. ఖాసిం గట్టిగా అరిచి చెప్పాడు. "లైట్లు ల్యాని లారీ తోలమన్నది ఈ సావుకారే! రాసుకోండి!" ఎవరూ రాసుకోలేదు. ముగ్గురి చేతులకూ తాళ్ళు కట్టి ఠాణాకు నడిపించారు. ఠాణా ఊరి నడుమ ఉంది, మైలు దూరం.

జనం పోలేదు. వెనక నడిచారు. ఆదోనివాళ్ళూ, ఎమ్మిగనూరువాళ్ళూ, పత్తి ఏరేవాళ్ళూ, ఆ అంచునుంచి ఈ అంచుదాకా రోడ్డు నిండా. మిల్లు మలుపు దగ్గర పేటనుంచి ఒక ఆడమనిషి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆయాసంతో మాట రావడం లేదు.

"గోవిందన్న మనుషుల్ని తెచ్చినాడు. గుడిసెలు పీకుతాండాడు. నీ గుడిసె పీకె హులిగక్కా. గిన్నెలు బయట పారేసె. రాండి, జల్ది రాండి!"

నడక ఆగిపోయింది. కొందరు పేట వైపు తిరిగారు. ఒకామె అక్కడే కూలబడి ఏడ్చింది. ఆ గుడిసె కప్పుకు గడ్డి కోసుకొచ్చింది హులిగెమ్మా భీమక్కా. ఇప్పుడు ఆమె చేతులకు తాళ్ళు. పోయినా చేసేది లేదు. తిరిగి చూస్తే అందరూ ఆమె మొహంలోకే చూస్తున్నారు.

గుంపులోంచి సుంకన్న ఊతకర్ర టకటకలాడించుకుంటూ ముందుకు వచ్చాడు.

"పీకనీ" అన్నాడు. పెద్దగా అనలేదు. "పీకిన గుడిసె కాడికి పోయి ఏడిస్తే మళ్ళ లేస్తాదా? ఈయమ్మిని లోపలేసి తాళమేస్తే, రేపటికి మనం మసకలో బండ్లు తోస్తాంటాం. నడువు మే. నేనుండా."

అతను కదిలాడు. ఊతకర్ర ఒక అడుగు, ఉన్న కాలు ఒక అడుగు. పోలీసులు తొందర పెట్టారు గాని, రోడ్డు నిండా జనం ఉంటే తొందర ఎట్లా? హులిగెమ్మ అతని పక్కన నడిచింది. హనుమంతమ్మ ఈ పక్కన. తిరిగిపోయినవాళ్ళలో సగం మంది వెనక్కి వచ్చి కలిశారు.

వెనకనుంచి మోత వినబడింది. గేటు దగ్గర బండ్లు తీయించి సావుకారి లారీలను వదిలాడు. పత్తి లోడుతో ఐదు లారీలు వచ్చి గుంపు వెనక నిలిచాయి. మొదటి లారీ హారన్ కొట్టింది. ఎవరూ పక్కకు జరగలేదు. మళ్ళీ కొట్టింది. ముసలామెలు కూడా తల తిప్పి చూడలేదు. డ్రైవరు తల బయటికి పెట్టి చూశాడు. ముందు తాళ్ళతో నడుస్తున్న ఖాసిం కనిపించాడు. ఆ తర్వాత హారన్ మోగలేదు. లారీలు ఇంజన్లు గుర్రుమంటూ, ఆగుతూ, కదులుతూ, మైలు పొడుగునా ఆ కుంటి నడక వెనకే వచ్చాయి.

ఠాణా వాకిట్లో ముగ్గురినీ లోపలికి తోసి తలుపు వేశారు. జనం రోడ్డు మీదే కూచున్నారు. ఎస్సై బయటికి వచ్చి అడిగాడు.

"ఎంతసేపు కూచుంటారు ఈడ?"

"తెల్లారేదాకా" అన్నాడు సుంకన్న.

నడినెత్తిన ఎండ మండుతోంది. ఎస్సై పైకి ఒకసారి, జనం వైపు ఒకసారి చూశాడు. జనం ఇంకొంచెం దగ్గర జరిగి కూచున్నారు, వెనక వచ్చేవాళ్ళకు చోటు ఇవ్వడానికి.